ఇరవై నాలుగులో నూట యాభై ఏడు

సింగరాయకొండ,
9 డిసెంబరు 2024

తమ్ముడు ఫిలిప్‌కి,

వందనాలు తర్వాత. ముందు అడగాల్సింది అడుగుతాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్‌లో నేను ప్రశ్న పూర్తిచెయ్యకముందే నీ దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. కాస్త గట్టిగా అడిగితే సిగ్నల్ లేదంటావు, మిరపకాయల ఘాటుకి దగ్గొస్తోందంటావు. కాగితం మీద ఆ వేషాలు కుదరవు. నువ్వు రాసింది రెండుసార్లు చదువుకుంటాను, కావలిస్తే పెట్టెలో దాచుకుంటాను. నువ్వూ ఉత్తరమే రాయి. ఫోన్ చేస్తే ఎత్తను.

మీ పాలిటెక్నిక్ ల్యాబ్‌లో నవంబరు 27న సెకండియర్ చదివే సాజిదా అనే పిల్లకి షాకు కొట్టి, స్టూలు మీద నుంచి పడి, కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగిందట. ల్యాబ్ అసిస్టెంటువి నువ్వు. ఆ రోజు సర్క్యూట్ కలిపి ఇచ్చింది నువ్వు. కమిటీ వేశారని, జూన్‌లో పర్మినెంట్ కావాల్సిన నీ ఉద్యోగం ఆ కమిటీ చేతిలో ఉందని కూడా విన్నాను. ఇదంతా నాకు సొంత తమ్ముడు చెప్పలేదు. మూడో మనిషి చెప్పాడు.

ఆ పిల్ల అబ్జర్వేషన్ బుక్‌లో రాసిన అంకెలు ఇప్పుడు నా ముందున్నాయి. ఎలా వచ్చాయని అడక్కు. సరఫరా 24 వోల్టులు. రెసిస్టెన్స్ మీద 10. కాయిల్ మీద 157. కండెన్సర్ మీద 159. మూడూ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపినవే కదా. అలాంటప్పుడు మూడూ కూడితే మొత్తం సరఫరా రావాలి. నేను కూడితే 326 వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను ఫిలిప్. ఇరవై నాలుగు లీటర్ల బిందెలోంచి మూడు వందల ఇరవై ఆరు లీటర్లు వంచిన పిల్లవాణ్ణి ఒక్కణ్ణి కూడా పాస్ చెయ్యలేదు.

కమిటీ వాళ్లు అనుకుంటున్నది ఇదీ. నువ్వు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా గోడ ప్లగ్గులోంచి 230 నేరుగా ఇచ్చావు. పిల్ల పడిపోయాక భయపడి ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి తగిలించావు. సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి ఆ పిల్ల చేత తోచిన అంకెలు రాయించావు. ఆ సాయంత్రం అబ్జర్వేషన్ బుక్ చంకలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లిన మాట నిజమేనా? నిజమైతే ఎందుకు వెళ్లావు?

చీమకుర్తి సంగతి నేను ఎత్తను. నువ్వు మాత్రం గుర్తుపెట్టుకుని రాయి.

అక్క,
జెస్సీ


ప్రత్తిపాడు,
14 డిసెంబరు 2024

అక్కకి ఫిలిప్ వందనాలు.

నీ కవరు చూసి కోర్టు నోటీసేమోనని నీ మరదలు కంగారుపడింది. చదివాక కోర్టు నోటీసే నయమనిపించింది. చీమకుర్తి ఎత్తనంటూనే ఎత్తావు.

బుక్కు పట్టుకెళ్లిన మాట నిజం. వాళ్ల నాన్న ఫోన్‌లోంచి ఆ పిల్లే అడిగింది. ‘సార్, నా బుక్కు బల్ల మీదే ఉండిపోయింది, రీడింగులు ఎవరన్నా కాపీ కొట్టేస్తారు’ అంది. నొప్పితో ఏడుస్తూ కూడా రికార్డు మార్కుల గొడవే. వాళ్ల నాన్న నాగూర్ వలి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, తోలే ఆటో నడుపుతాడు. ఆయన ఎదురుగానే బుక్కు ఇచ్చి వచ్చాను. అయినా కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉన్న పిల్ల చేత నేనేం రాయిస్తాను? మీ కమిటీ పెద్దలకి ఆ మాత్రం తట్టలేదా?

ఇక అంకెలు. నేను ఇచ్చింది ఇరవై నాలుగే అక్కా. ఏ ప్రమాణం చెయ్యమంటే ఆ ప్రమాణం చేస్తాను.

నీ కూడిక టార్చిలైటు బ్యాటరీకి సరిపోతుంది. ఇది ఏసీ. సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. కాయిల్ ఒకవైపు లాగుతుంటే అదే క్షణంలో కండెన్సర్ రెండో వైపు లాగుతుంది. స్కూల్లో తాడు లాగుడు పోటీలు నువ్వే పెట్టించేదానివి కదా. అటు పదిమంది, ఇటు పదిమంది సమానంగా లాగితే మధ్యలో కట్టిన గుడ్డ కదలదు. దూరం నుంచి చూసేవాడికి ఎవరూ ఏమీ లాగనట్టే ఉంటుంది. దగ్గరికెళ్లి ఆ తాడు పట్టుకుంటే మాత్రం చెయ్యి కోసుకుపోతుంది.

కాయిల్, కండెన్సర్ సరిగ్గా సరితూగిన చోటుని రెజొనెన్స్ అంటాం. అక్కడ ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇక కరెంటుని ఆపడానికి మిగిలేది ఉత్త రెసిస్టెన్సే. కాబట్టి కరెంటు బాగా పెరుగుతుంది. అప్పుడు కాయిల్ మీద విడిగా మీటర్ పెడితే ఇచ్చినదానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. కండెన్సర్ మీదా అంతే. రెండింటికీ కలిపి పెడితే చాలా కొంచెం చూపిస్తుంది. పిల్లలకి ఈ వింత చూపించడానికే ఆ ప్రయోగం పెట్టారు. కండెన్సర్ కూడా ఏదో పెద్ద యంత్రం కాదు, సీలింగ్ ఫ్యానులో వేసేవి నాలుగు కలిపి పెట్టాను.

సాజిదా కండెన్సర్ దగ్గర వదులైన తీగలు స్విచ్ ఆపకుండా రెండు చేతులతో బిగించబోయింది. ఇరవై నాలుగే కదా, ఏం చేస్తుందిలే అనుకుంది. జరిగింది అదే.

నన్ను నమ్మకపోతే మా లెక్చరర్ ప్రేమ్‌చంద్ సార్‌ని అడుగు. ఆ టైములో ఆయన ల్యాబ్‌లో లేరు గానీ సూత్రం ఆయనకి తెలుసు. ఇంతకీ నీకు ఆ పేజీ ఇచ్చిన మూడో మనిషి ఎవరు? కాలేజీ బీరువాలో ఉండాల్సిన కాగితం సింగరాయకొండ దాకా నడిచి రాదు.

ఫిలిప్


సింగరాయకొండ,
21 డిసెంబరు 2024

ఫిలిప్‌కి,

పక్కింట్లో ఇంటర్ చదివే కోటేశ్వరి దగ్గర ఫిజిక్స్ పుస్తకం తెచ్చుకుని రెండు రోజులు కూర్చున్నాను. తెలుగు మీడియం పుస్తకం, అందులో అనునాదం అని ఉంది. నీ తాడు లాగుడు నిజమే. నా కూడిక తప్పు. ఈ వాక్యం రాయడానికి నాకు ఎంత కష్టమైందో నీకు తెలుసు కాబట్టి మళ్లీ రాయను.

అవి ఒకే గీత మీద నిలబడే అంకెలు కావు. కాయిల్‌ది పైకి, కండెన్సర్‌ది కిందికి, రెసిస్టెన్స్‌ది అడ్డంగా గీసి, లంబకోణ త్రిభుజం వేసి కట్టాలి. త్రిభుజం అనేసరికి నా దారికి వచ్చింది. పిల్లల పలక తీసుకుని గీశాను.

గీశాక ఇంకో అనుమానం వచ్చింది. సరే, కాయిల్, కండెన్సర్ ఒకదాన్నొకటి మింగేశాయి. మిగిలింది రెసిస్టెన్స్ మీద 10. నువ్వు ఇచ్చింది 24. మిగతా 14 ఏది? ఇంత వింత వివరంగా చెప్పినవాడివి ఆ పద్నాలుగు గురించి ఒక్క ముక్క రాయలేదేం?

రెండోది. ప్రేమ్‌చంద్ గారిని అడగమన్నావు. కమిటీ వాళ్లు ఎప్పుడో అడిగారు. ఆయన ఏమన్నారో నీకు తెలుసు, నాకు రాయలేదు. ‘ఫిలిప్ చెప్పే సూత్రం నిజమే. కానీ మన ల్యాబ్ కాయిల్‌తో ఇరవై నాలుగు ఇస్తే అరవై ఆరు దాటదు. పన్నెండేళ్లుగా పిల్లల చేత చేయిస్తున్నాను, ఏ బ్యాచ్‌లోనూ దాటలేదు. నూట యాభై ఏడు రావాలంటే సరఫరా ఎక్కువైనా ఇచ్చి ఉండాలి, అంకె అబద్ధమైనా అయి ఉండాలి.’ ఆయన మాటలు ఇవి.

నువ్వు చిన్నప్పుడు జామకాయలు దొంగతనం చేసి, ఎన్ని కోశావురా అంటే చెట్టు ఎక్కడుందో చెప్పేవాడివి. ఇప్పుడూ అదే చేస్తున్నావు. నేను అడగని సూత్రం రెండు పేజీలు చెప్పి, అసలు సంగతి పక్కకి నెట్టావు. అది ఏమిటో నాకు ఇంకా తెలియదు. ఉందని మాత్రం తెలుసు.

క్రిస్మస్ ఆరాధనకి ఈసారి మీరు ఇక్కడికి రావొద్దు. నీ పక్కన కూర్చుని పాట పాడలేను.

జెస్సీ


ప్రత్తిపాడు,
6 జనవరి 2025

అక్కకి,

నీ పద్నాలుగు ముందు తీసుకో. కాయిల్ అంటే తీగేగా. తీగకీ రెసిస్టెన్స్ ఉంటుంది. ఆ పద్నాలుగు వోల్టులూ కాయిల్ తీగలోనే ఖర్చయ్యాయి. విడిగా కనిపించదు, కాయిల్ మీద చూపించే నూట యాభై ఏడులో కలిసిపోయి ఉంటుంది. పదీ పద్నాలుగూ ఇరవై నాలుగు. సరిపోయిందా?

ఇప్పుడు నేను అడుగుతాను.

మొన్న కమిటీ వాళ్లు నా మీద ఉన్న ఆరోపణల కాగితాలు కాపీలు ఇచ్చారు. చివరి పేజీకి ‘అనుభవజ్ఞులైన గణిత ఉపాధ్యాయుల అభిప్రాయం’ అని పేరు పెట్టారు. రాసినవాళ్ల పేరు తెలియకూడదని సంతకం మీద కాగితం పెట్టి జిరాక్స్ తీశారు. పైనున్న చేతిరాతని దాచడం మర్చిపోయారు. ‘క’ తలకట్టుని అలా కొక్కెంలా తిప్పేవాళ్లు నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. కింద సమాధానానికి రెండు గీతలు కూడా కొట్టావు.

‘ఈ అంకెలు అసంభవం. భాగాల మొత్తం 326 కాగా సరఫరా 24 అని చూపడం కల్పితమని నా నిశ్చితాభిప్రాయం.’ తేదీ డిసెంబరు 5. నాకు మొదటి ఉత్తరం రాసింది 9న. అంటే నన్ను అడగడానికి నాలుగు రోజుల ముందే తీర్పు రాసి ఇచ్చేశావు. తర్వాత తీరిగ్గా ఫిలిప్, నిజం చెప్పు అన్నావు. మూడో మనిషి ఎవరని ఎన్ని రాత్రులు ఆలోచించానో. ప్రేమ్‌చంద్ సార్‌ని అనుమానించాను, అటెండర్‌ని అనుమానించాను, ఆఖరికి పాస్టర్ గారిని కూడా అనుమానించాను. నిన్ను అనుకోలేదు.

కూడిక తప్పని డిసెంబరు 21న నాకు ఒప్పుకున్నావు. ఆ మాట కమిటీకి రాశావా? రాయలేదు. రాసి ఉంటే ఆ పేజీ జనవరి మొదటివారంలో నా చేతికి వచ్చేది కాదు. సాజిదా రికార్డులో ఆ ప్రయోగం కొట్టేశారు, తప్పుడు రీడింగులని. ఆ పిల్ల విరిగిన చెయ్యేసుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, ‘మా సార్ ఇరవై నాలుగే ఇచ్చారు, నేనే రాశాను, నేనే చూశాను’ అని అందరితో పోట్లాడి వెళ్లిందట. నాతో ఏ రక్తసంబంధమూ లేని పిల్ల అది. నువ్వు నా అక్కవి.

ఫిలిప్


సింగరాయకొండ,
13 జనవరి 2025

ఫిలిప్‌కి,

రాశాను. ఆ పేజీ నాదే.

డిసెంబరు మొదటివారంలో ఒంగోలు చర్చి సభల్లో మీ కరస్పాండెంట్ పేరయ్య గారు కలిశారు. నువ్వు నా తమ్ముడివని ఆయనకి తెలుసు. ‘టీచరమ్మా, మీరు న్యాయం తప్పరని అడుగుతున్నాను, ఈ అంకెలు చూడండి’ అన్నారు. ఆ మాటకి పొంగిపోయాను. అక్కడే కుర్చీలో కూర్చుని రాసిచ్చాను. ముందు నిన్ను అడగలేదేమంటావా? అడిగితే నమ్మిస్తావని భయం. ఒకసారి నమ్మాను కదా.

ఆరేళ్ల కింద నువ్వు చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్ల మోటార్లు చుట్టే షాపులో పనిచేసేటప్పుడు కొత్త రాగితీగ చుట్ట ఒకటి మాయమైంది. ఓనర్ సుబ్బారాయుడు గారు నీ పేరే చెప్పాడు. నేను ఆ షాపుకి వెళ్లి, మా తమ్ముడు అలాంటివాడు కాదని నలుగురిలో నిలబడి చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. కానీ బస్సులో తిరిగి వస్తూ నీ మొహం చూశాను. నువ్వు కిటికీ వైపు తిరిగి కూర్చున్నావు. ఆ రోజు నుంచి నీ మీద నాకు నమ్మకం సగమే ఉంది.

కమిటీకి ఎందుకు తిరిగి రాయలేదంటే, ఇప్పుడు రాస్తాను గానీ, నీ ఉత్తరం చదివాక ఇంకోటి తేలింది. కోపంలో నాకో అంకె ఇచ్చావు.

సాజిదా పేజీ పైన కావలసిన పరికరాలు అని రాసుంది. రెసిస్టెన్స్ 20 ఓములు. కాయిల్ తీగ 100 ఓములు. ఇరవై ఓముల మీద పది వోల్టులు పడ్డాయి, అంటే పారిన కరెంటు అర ఆంపియరు. అదే కరెంటు కాయిల్లోనూ పారుతుంది. కాయిల్ తీగలో పద్నాలుగు వోల్టులు ఖర్చయ్యాయని నువ్వే రాశావు. పద్నాలుగుని అరతో భాగిస్తే ఇరవై ఎనిమిది. వంద ఉండాల్సిన చోట ఇరవై ఎనిమిది ఓములు.

ఇంకోలా కూడా కట్టి చూశాను. కాలేజీ కాయిల్‌కి 24 ఇస్తే ప్రేమ్‌చంద్ గారు చెప్పినట్టు 66 రావాలి. కమిటీ అన్నట్టు 230 ఇచ్చి ఉంటే ఆరువందలు దాటాలి. 157 రెండింటికీ రాదు. కాయిల్ 28 ఓములదైతే, 24 ఇస్తే సరిగ్గా ఆ 157 దగ్గరికే వస్తుంది.

కాబట్టి నువ్వు 24 ఇచ్చిన మాట నిజం. ఆ కాయిల్ కాలేజీది కాదన్న మాటా నిజం. లావు తీగతో ఎవరో చేతిపనివాడు చుట్టిన కాయిల్ అది. మన ఇంట్లో మోటార్లు చుట్టడం వచ్చినవాడు ఒక్కడే.

కాలేజీ కాయిల్ ఏమైంది ఫిలిప్? ఆ రాగితీగ ఎక్కడిది?

జెస్సీ


ప్రత్తిపాడు,
27 జనవరి 2025

అక్కకి,

పది రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. ప్రేమ్‌చంద్ సార్‌కి తట్టనిది నువ్వు పలక మీద పట్టేశావు.

2023 డిసెంబరు తుఫానుకి ల్యాబ్ కిటికీ అద్దం పగిలి జల్లంతా బీరువాలోకి కొట్టింది. కాయిల్ తడిసింది. తడిసిన వైండింగ్‌లోకి కాస్త కరెంటు వదిలి వేడిచేసి ఆరబెట్టడం మా మోటార్ల పనిలో మామూలే. తక్కువ వోల్టేజీతో, దగ్గర కూర్చుని చెయ్యాలి. నేను తొందరపడి 230 నేరుగా ఇచ్చేసి టీకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గదంతా వార్నిష్ మాడిన కంపు. కమిటీ వాళ్లు అంటున్న 230 నేను నిజంగానే ఇచ్చాను అక్కా. కాకపోతే ఏడాది కింద, ఎవరూ లేనప్పుడు, కాయిల్ ఒక్కదానికి.

చెబితే కాంట్రాక్టు అప్పుడే రద్దు చేసేవాళ్లు. కాయిల్ ఇంటికి తెచ్చి, మాడిన తీగ విప్పి, ఆ ఇనప పట్టీల మీదే మళ్లీ చుట్టాను. పాతది వెంట్రుకంత సన్నం, లోపల చాలా చోటు ఖాళీగా వదిలేశారు. నేను లావు తీగ వేశాను. చుట్లు అన్నే. నాలుగు ఆదివారాలు పట్టింది. ఒక్క చుట్టు కూడా పక్కదాని మీదికి ఎక్కకుండా వేశాను. పాత స్టిక్కరు వేడినీళ్లతో ఊడదీసి దీని మీద అంటించాను. వంద ఓములని ఉన్నది ఆ స్టిక్కరు మీదే. ఆ తర్వాత మొన్న నవంబరు దాకా ఆ ప్రయోగం మళ్లీ రాలేదు. సాజిదా దాన్ని చూసి రాసుకుంది.

తీగ చీమకుర్తిదే. ఆ చుట్ట నేనే తెచ్చాను. నువ్వు నలుగురిలో నిలబడి నా తరఫున మాట్లాడిన రోజున అది మన పాత ఇంటి అటక మీద గోనెసంచిలో ఉంది. అమ్ముదామని తెచ్చాను, నువ్వు అలా మాట్లాడాక అమ్మలేకపోయాను. తిరిగి ఇవ్వడానికీ మొహం చెల్లలేదు. ఐదేళ్లు పైనే ఉంది. పిల్లల చదువుకి వాడితే నా తప్పు కొంతన్నా తగ్గుతుందనుకున్నాను.

అబద్ధమాడినప్పుడు నమ్మావు. నిజం చెప్పినప్పుడు నమ్మలేదు. నిన్ను అనడానికి నాకేం హక్కుంది.

కమిటీ ఫిబ్రవరి 20న కూర్చుంటుంది. కాయిల్ సంగతి చెబితే 24 ఇచ్చానని రుజువవుతుంది, కాయిల్ కాల్చానని కూడా రుజువవుతుంది. ఏం చెయ్యమంటావో చెప్పు.

ఫిలిప్


సింగరాయకొండ,
5 ఫిబ్రవరి 2025

తమ్ముడు ఫిలిప్‌కి,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. ఏడ్చాను కూడా. నీ మీద కోపంతో కాదు, నా మీద అసహ్యంతో. న్యాయం తప్పని టీచరమ్మ చెప్పిన రెండు సాక్ష్యాలూ తప్పే.

మర్నాడు బస్సెక్కి చీమకుర్తి వెళ్లాను. రోడ్డంతా రాళ్ల లారీలు, రెండు గంటల ప్రయాణం నాలుగు గంటలైంది. సుబ్బారాయుడు గారు షాపులోనే ఉన్నాడు, ముసలివాడైపోయాడు. ‘అయ్యా, మీ తీగ మా తమ్ముడే తీశాడు. ఆ రోజు నేను చెప్పింది తప్పు’ అన్నాను. ఆయన కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ‘నాకు అప్పుడే తెలుసమ్మా. సంచి ఆటోలో పెడుతుంటే మా వాచ్‌మన్ చూశాడు. మీరు అంత నమ్మకంగా మాట్లాడుతుంటే మీ ముందు ఆ మాట అనలేక ఊరుకున్నా’ అన్నాడు. టీ తెప్పించాడు. ఎలా తాగానో నాకే తెలియదు.

తిరిగి వచ్చి పేరయ్య గారికి రాశాను. నా అభిప్రాయం తప్పని, ఏసీ వలయంలో వోల్టులని అలా కూడకూడదని, త్రిభుజం గీసి మరీ వివరించాను. నా పేరు, సంతకం పెద్దక్షరాలతో పెట్టాను. మళ్లీ కాగితం అడ్డం పెట్టి జిరాక్స్ తీస్తే ఊరుకోనని కూడా రాశాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

ఏం చెయ్యమంటావని అడిగావు. కాయిల్ సంగతి చెప్పు. అందరి ముందు కలిపి చూపించు. ఉద్యోగం పోతే పోతుంది, మోటార్లు చుట్టుకుని బతుకుతావు. ఇందులో నాకు అనుమానం లేదు.

ఇంకొక దాంట్లో ఉంది. నీ ఉత్తరం నాలుగోసారి చదివితే తట్టింది. నాలుగు ఆదివారాలు కూర్చుని ఒక్క చుట్టు తప్పకుండా కాయిల్ చుట్టినవాడివి, అది ఎలా పనిచేస్తుందో మీటర్ పెట్టి చూసుకోకుండా ల్యాబ్‌లో పెట్టి ఉండవు. చిన్నప్పుడు గాలిపటం కట్టినా ముందు నువ్వే ఎగరేసి చూసేవాడివి. చూసి ఉంటావు. నూట యాభై ఏడు నీకు ఆ రోజే కనిపించి ఉంటుంది. పిల్లలేమో ఇరవై నాలుగే కదా అనుకుని చేతులు పెడతారు.

నీకు ముందే తెలుసా? ఒక్క ముక్కలో రాయి.

అక్క,
జెస్సీ


ప్రత్తిపాడు,
22 ఫిబ్రవరి 2025

అక్కకి ఫిలిప్ వందనాలు.

నువ్వు అడిగిన ఆ ఒక్క ముక్క రాయడానికి పదిహేడు రోజులు పట్టింది. కమిటీ అయ్యాక రాద్దామనుకున్నాను. ఎలా అయిందో వరసగా చెబుతాను.

మొన్న 20న ల్యాబ్‌లోనే కూర్చున్నారు. పేరయ్య గారు, ప్రేమ్‌చంద్ సార్, ఇంకో ఇద్దరు. సాజిదాని, నాగూర్ వలి గారిని కూడా పిలిచారు. కట్టు విప్పారు గానీ ఆ పిల్ల చెయ్యి ఇంకా పూర్తిగా మడవలేకపోతోంది. నీ ఉత్తరం పేరయ్య గారు పైకి చదివారు. ‘కూడకూడదు’ అన్న చోట రెండుసార్లు చదివారు.

అప్పుడు నేను లేచి కాయిల్ సంగతి చెప్పాను. తడవడం, కాల్చడం, చుట్టడం, స్టిక్కరు, తీగ ఎవరిదో కూడా. ప్రేమ్‌చంద్ సార్ తనే లేచి ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి, తన చేత్తో మీటర్ పెట్టారు. సరఫరా 24. కాయిల్ మీద 157. కండెన్సర్ మీద 159. ఆయన మీటర్ మార్చి మళ్లీ చూశారు. మళ్లీ అంతే. తర్వాత కాయిల్ విడిగా తీసి రెసిస్టెన్స్ చూశారు. ఇరవై ఎనిమిది. ‘ఫిలిప్, ఇంత మంచి కాయిల్ కంపెనీవాళ్లు కూడా ఇవ్వరయ్యా’ అన్నారు. సాజిదా వైపు తిరిగి, ‘సారీ అమ్మా, నీ రీడింగులు కరెక్టు’ అని రికార్డులో కొట్టేసిన పేజీ మీద మళ్లీ సంతకం పెట్టారు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. వాళ్ల నాన్నతో, ‘నేను చెప్పలా?’ అంది.

పేరయ్య గారు, ‘చెప్పకుండా పరికరం మార్చడం తప్పే. కానీ కాలేజీ వస్తువుని బాగుచేసి పెట్టాడు, తనంతట తనే ఒప్పుకున్నాడు. హెచ్చరిక కాగితం ఇచ్చి సరిపెడదాం. జూన్ ఫైలు ఆపనక్కర్లేదు’ అన్నారు. మినిట్స్ బుక్కు తీసి రాయడం మొదలుపెట్టారు. నేను స్టూలు మీద కూర్చున్నాను. నువ్వు అడిగింది వాళ్లెవరికీ తట్టలేదు. ఇక ఎవరూ అడగరని నాకు సంతోషమేసింది. అబద్ధమెందుకు, నిజంగా సంతోషమేసింది.

అప్పుడు సాజిదా నా దగ్గరికి వచ్చింది.

‘సార్, నాకొకటి చెప్పండి. ఈ నూట యాభై ఏడు మీకు ముందే తెలుసా?’ అంది.

తెలియదంటే సరిపోయేది. ఆ పిల్ల నమ్మేది. మూడు నెలలుగా నమ్ముతూనే ఉంది.

‘తెలుసమ్మా. చుట్టిన రోజే చూశాను. ముట్టుకుంటే ప్రమాదమని బోర్డు రాసి పెడదామనుకున్నా. రాస్తే, ఇరవై నాలుగు వోల్టుల ప్రయోగానికి బోర్డెందుకని అడుగుతారు, కాయిల్ సంగతి బయటపడుతుంది. అందుకని రాయలా’ అన్నాను.

పేరయ్య గారు రాయడం ఆపేశారు. మినిట్స్ బుక్కు మూసి, మీకు తర్వాత కబురు చేస్తామన్నారు. ఏం కబురు వస్తుందో నాకు తెలుసు. నిన్న మా పాత వైండింగ్ మిషన్ బయటికి తీసి దుమ్ము తుడిచాను.

ఉద్యోగం సంగతి అలా ఉంచు అక్కా. ఆ పిల్ల నన్ను తిట్టినా బాగుండేది. ప్రేమ్‌చంద్ సార్ సంతకం పెట్టిన రికార్డు ఎడంచేత్తో తీసుకుని, వాళ్ల నాన్నతో, ‘ఇంటికి పోదాం అబ్బా’ అంది. వెళుతూ అందరికీ నమస్కారం పెట్టింది, నాకు తప్ప.

నీ తమ్ముడు,
ఫిలిప్